మనసు బాగోలేదని డయాలసిస్ డాక్టరుకి చెప్పొచ్చా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. వయసు 41. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. కిడ్నీలు పాడై పదహారు నెలలుగా డయాలసిస్ మీద ఉన్నారు. మంగళ, గురు, శనివారాల్లో, పూటకి నాలుగు గంటలు. తండ్రి ఇదే జబ్బుతో పోయారు, పెదనాన్న కూడా. భార్య ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడతారు. కూతురు తొమ్మిదో తరగతి.

కొంత ఆయన మాటల్లోనే ఇస్తున్నాను. "నాకు ఏడుపు రాదండీ. వస్తే బాగుండుననిపిస్తుంది. డయాలసిస్ అయి ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంటాను. మర్నాడు ఒంట్లో కాస్త బాగున్నా లేవబుద్ధి కాదు. ఫోన్ మోగితే తీయను. ఫ్యాక్టరీ వాళ్ళు లెక్కల పుస్తకాలు ఇంటికే పంపుతామన్నారు, వద్దన్నాను. రాత్రి కాళ్ళలో చీమలు పాకినట్టు ఉంటుంది, లేచి వసారాలో తిరుగుతాను. నీళ్ళు కొలిచి ఇస్తోందని మా ఆవిడ మీద గ్లాసు విసిరాను. మొన్న మా అమ్మాయి నా ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) చేతికి చెవి ఆనించి 'గుయ్‌మంటోంది నాన్నా' అని నవ్వితే చెయ్యి లాగేసుకున్నాను. ఆ పిల్ల మొహం ఇప్పటికీ కళ్ళముందు ఉంది."

పోయిన నెల రెండు మంగళవారాలు జ్వరమని అబద్ధం చెప్పి ఆస్పత్రికి వెళ్ళలేదట. "నాలుగుసార్లు ఇలాగే మానేస్తే అంతా అయిపోతుంది కదా, వీళ్ళకీ బరువు తగ్గుతుంది అనిపించింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు." నిద్ర పట్టడం లేదని డ్యూటీ డాక్టరుకి చెబితే "అందరికీ ఉండేదే, ధైర్యంగా ఉండాలి" అన్నారట. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దామా అంటే బావమరిది "ఆ మందులతో ఉన్న కిడ్నీ కూడా పోతుంది, పైగా పిచ్చి అని కాగితం మీద ఎక్కితే కిడ్నీ మార్పిడి లిస్టులోంచి తీసేస్తారు" అన్నాడట. భార్య తన కిడ్నీ ఇస్తానంటోంది. ఈయన ఒప్పుకోవడం లేదు.

అడిగినవి ఇవి: ఇది మనసు జబ్బా, కిడ్నీ జబ్బు వల్లేనా? మందులు వాడొచ్చా? లిస్టులోంచి తీసేస్తారా? భార్యకి ఏం చెప్పాలి? చివర, కొట్టివేసి మళ్ళీ రాసిన ఒక వాక్యం: "మా అమ్మాయికి కూడా పరీక్ష చేయించాలా?"

మీ ప్రశ్నల్లో లేని విషయంతో మొదలుపెడుతున్నాను. ఆ రెండు మంగళవారాలు.

శనివారం డయాలసిస్ అయ్యాక మంగళవారం దాకా వచ్చే వ్యవధి వారంలోకెల్లా పెద్దది. అసలే శరీరానికి అది గడ్డు సమయం. ఆ మంగళవారం కూడా వదిలేస్తే గురువారానికి ఐదు రోజులవుతుంది. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. మీరు ఊహించుకున్నట్టు అది ఎవరికీ ఇబ్బంది లేకుండా నిశ్శబ్దంగా అయిపోయే వ్యవహారం కాదు. అర్ధరాత్రి ఊపిరాడక మీరు లేచి కూర్చుంటే, మీ ఆవిడ 108కి ఫోన్ చేస్తూ, ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండే వ్యవహారం. వాళ్ళకి బరువు తగ్గుతుందన్న లెక్క ఎక్కడా కుదరదు. లెక్కలు రాసిన మనిషి కనుక ఈ మాట మీకు నేరుగా చెబుతున్నాను.

"మానేస్తే అయిపోతుంది" అనుకోవడం చచ్చిపోవాలన్న ఆలోచనే. డయాలసిస్ చేయించుకునేవాళ్ళలో ఆ ఆలోచన తరచూ ఈ రూపంలోనే వస్తుంది. ఏమీ చేయనక్కర్లేదు, వెళ్ళకుండా ఉంటే చాలు కాబట్టి దాన్ని గుర్తుపట్టడం మనకే కష్టం. ఇంట్లోవాళ్ళు జ్వరమేమో, బద్ధకమేమో అనుకుంటారు. ఈ ఉత్తరం పోస్టు చేశాక ఆ ఆలోచన మళ్ళీ వచ్చిందా? ఇంకో దారి ఏదైనా మనసులో మెదిలిందా? మాత్రలు ఎక్కడైనా దాచిపెట్టారా? ఈ మూడింట్లో దేనికి 'అవును' అన్నా ఇవాళే మీ ఆవిడకి చెప్పండి, మాత్రల డబ్బా ఆమె చేతికిచ్చేయండి. రాత్రిపూట ఒంటరిగా ఉండలేని సమయం వస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకండి. ఆ ఆలోచన ఆగకుండా తరుముతుంటే మాత్రం ఫోన్లతో సరిపెట్టకుండా మీ ఆవిడని తోడు తీసుకుని దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అన్నీ తెలిసి, డాక్టరుతో, ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడుకుని, ఇక డయాలసిస్ వద్దని నిర్ణయించుకునేవాళ్ళు ఉన్నారు. ఎక్కువగా బాగా వయసు మళ్ళి, వేరే జబ్బులతో మంచం పట్టినవాళ్ళు. అది వేరే సంగతి, దానికో గౌరవం ఉంది. మీరు జ్వరమని అబద్ధం చెప్పారు. ఆలోచించి తీసుకున్న నిర్ణయానికి అబద్ధంతో పనిలేదు. మీకున్న బాధలో వైద్యంతో తగ్గేది చాలా ఉంది, ఆ వైద్యం ఇంకా మొదలే కాలేదు. అది జరిగాక మీకు ఏమనిపిస్తుందో చూడకుండా, ఇప్పుడు అనిపించేదాన్ని మీ చివరి మాటగా తీసుకోవద్దు.

ఇక మీ మొదటి ప్రశ్న. మనసా, కిడ్నీయా? రెండూ. ఏది ఎంత అన్నది విడదీయడం మాత్రం కుదురుతుంది, అదీ కాస్త ఓపిగ్గా.

కాళ్ళలో చీమలు పాకడం, కదిపితే తప్ప ఉపశమనం లేకపోవడం, రాత్రి పడుకోగానే ఎక్కువవడం డయాలసిస్ రోగుల్లో మామూలుగా కనిపించే సమస్య. మీరు దాన్ని టెన్షన్ వల్ల అనుకుంటున్నట్టున్నారు. ఒంట్లో ఇనుము తగ్గినా అది ఎక్కువవుతుంది. దానికి మందులున్నాయి, కానీ డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి వాటి మోతాదు చాలా తగ్గించి ఇవ్వాలి, కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు. డయాలసిస్ అయిన సాయంత్రం ఒళ్ళంతా పిండేసినట్టు ఉండడం కూడా జబ్బులో భాగమే. హిమోగ్లోబిన్ పడిపోతే ఏ మనిషికైనా లేవబుద్ధి కాదు, మాట్లాడబుద్ధి కాదు. మీకు రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్ వేస్తున్నారా, ఆఖరిసారి హిమోగ్లోబిన్ ఎంత, ఐరన్ పరీక్ష ఎప్పుడు చేశారు, థైరాయిడ్ చూశారా? ఇవి మీ ఉత్తరంలో లేవు. అడగండి. నోరు చేదు, ఆకలి లేకపోవడం, దురద ఉంటే అవి డయాలసిస్ చాలడం లేదనడానికీ, ఫాస్ఫరస్ పెరిగిందనడానికీ గుర్తులు కావచ్చు. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందేమో మీ ఆవిడని అడగండి. అదీ ఈ జబ్బులో ఎక్కువే, నిద్రని పాడుచేస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా మిగిలేది ఉంటుంది. అది ఎక్కడుందో మీ ఉత్తరంలోనే ఒక వాక్యం చూపించింది: "మర్నాడు ఒంట్లో కాస్త బాగున్నా లేవబుద్ధి కాదు." కిడ్నీ జబ్బు ఒంటిని అలసగొడుతుంది, కానీ పిల్ల నవ్వితే చెయ్యి లాక్కోమని చెప్పదు. బుధవారం, శుక్రవారం పొద్దున్న ఒళ్ళు తేలిగ్గా ఉన్న గంటల్లో కూడా దేనిమీదా మనసు పోకపోవడం, నేను ఇంటికి భారం అన్న మాట తలలో తిరుగుతూ ఉండడం, రెండు వారాలు దాటి అదే తీరు సాగడం, దీన్ని డాక్టర్లు డిప్రెషన్ అంటారు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళలో ఇది చాలామందికి వస్తుంది. మీ గదిలో వరసగా ఉన్న బెడ్లలో మీరొక్కరే అని మీరనుకుంటున్నారు. పక్క బెడ్డు మనిషి కూడా అదే అనుకుంటూ ఉండొచ్చు.

దీనికి ఇంకో పొర ఉంది. మిగతా చోట్ల కిడ్నీ పాడైన మనిషికి ముందేం జరుగుతుందో తెలియదు. మీకు తెలుసు, లేదా తెలుసనుకుంటారు. నాన్నని చూశారు, పెదనాన్నని చూశారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు తిరిగినా ఎవరో ఒకరి ఇంట్లో ఇదే కథ. "ఏటి సేత్తాం, మన రాత" అనే మాట పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగినవాడికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగిందని చెప్పగానే మిగతా కథంతా తనకు తానే పూర్తి చేసుకోవడం సహజం. మీరు మీ జబ్బుతో పాటు మీ నాన్న జబ్బును కూడా మోస్తున్నారు. కానీ ఆయన కాలంలో డయాలసిస్ అంటే విశాఖ ప్రయాణం. చాలామంది నాలుగుసార్లు వెళ్ళి డబ్బుల్లేక ఊరుకున్నారు. ఇప్పుడు సోంపేట, పలాస, కవిటిలో యూనిట్లు ఉన్నాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచారు. డయాలసిస్ ఖర్చు ప్రభుత్వ పథకం కింద పోతోందని మీరే రాశారు. ఇబ్బందులు లేవని నేననడం లేదు. మీ నాన్నగారి కథే మీ కథ కానక్కర్లేదంటున్నాను.

"నేనేం తప్పు చేశాను" అని కూడా రాశారు. మీ నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, ఎండలో పనిచేస్తూ నీళ్ళు తాగకపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎన్నో ఏళ్ళుగా పరిశోధకులు వెతుకుతున్నా ఉద్దానం జబ్బుకి ఫలానాదే కారణమని ఎవరూ తేల్చలేదు. వాళ్ళకే దొరకని తప్పు మీలో వెతుక్కోకండి.

సరే, ఎవరికి చెప్పాలి? దారులు మూడు కనిపిస్తున్నాయి. మూడూ ఒకదానికొకటి అడ్డం కావు.

అన్నిటికంటే దగ్గరిది మీ డయాలసిస్ యూనిట్. ఒకసారి చెబితే ధైర్యంగా ఉండమన్నారు కదా అంటారు. నిజమే, ఆ సమాధానం చాలదు. ఆ మాట అనేవాళ్ళందరికీ ఒక పూట నాలుగు గంటలు రెండు సూదులతో కూర్చునే అవకాశం ఇవ్వాలని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. కానీ మీరు అక్కడ చెప్పింది "నిద్ర పట్టడం లేదు" అని మాత్రమే. రద్దీలో ఉన్న డ్యూటీ డాక్టరుకి అది రోజుకి పదిమంది చెప్పే మాట. ఈసారి నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, వచ్చే రోజున, ఉన్నదున్నట్టు చెప్పండి: "రెండు మంగళవారాలు నేను కావాలనే రాలేదు. బతకాలని లేక రాలేదు." ఈ మాట విన్న డాక్టరు ఎవరూ ధైర్యంగా ఉండమని పంపించేయకూడదు. పంపిస్తే ఇంకో డాక్టరుకి చెప్పాలి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి కేసు షీటుతో పాటు ఇవ్వండి. ఇంత మంచి ఉత్తరం రాశారు, నాలుగు వాక్యాలు రాయలేరా! దీనివల్ల లాభం, రక్తపరీక్షలు, కాళ్ళ సంగతి, నిద్ర, మనసు, అన్నీ ఒకే మనిషి కళ్ళముందుకి వస్తాయి. నష్టం, ఆ గదిలో పక్కవాళ్ళకి వినబడుతుందన్న మొహమాటం. కాబట్టి మిషన్ పెట్టకముందు, బరువు చూసే దగ్గరే, పక్కకి పిలిచి మాట్లాడమని అడగండి.

రెండోది సైకియాట్రిస్టు. శ్రీకాకుళం ప్రభుత్వ బోధనాస్పత్రిలో చూపించుకోవచ్చు, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రైవేటులో అయితే ఫీజు ఉన్నా వేచి ఉండే సమయం తక్కువ. ఏదైనా డయాలసిస్ రోజున పెట్టుకోకండి, బస్సులో కూలబడిపోతారు. బుధవారమో శుక్రవారమో వెళ్ళండి. మీ మందుల చీటీలన్నీ, ఆఖరి రక్తపరీక్షలు, డయాలసిస్ పుస్తకం తీసుకెళ్ళండి. గుమ్మంలోకి అడుగుపెట్టగానే "నేను డయాలసిస్ మీద ఉన్నాను" అనండి. మందు ఎంపిక అక్కడే మారిపోతుంది. ఫ్యాక్టరీకి తెలిసిపోతుందని భయపడ్డారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత.

మూడోది పైన చెప్పిన 14416. అది అర్ధరాత్రి వసారాలో తిరిగే వేళకి పనికొస్తుంది. అవసరమైతే అక్కడినుంచే సైకియాట్రిస్టుతో మాట్లాడిస్తారు. కానీ మీ హిమోగ్లోబిన్ వాళ్ళకి కనబడదు కాబట్టి అదొక్కటే పెట్టుకుంటే సగం పనే అవుతుంది.

మందుల విషయంలో మీ బావమరిది మాటలో పిసరంత నిజం ఉంది. లిథియం అనే మందు ఉంది, బైపోలార్ జబ్బుకి వాడతారు, ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో కిడ్నీల మీద పనిచేస్తుంది. ఆ ఒక్క మందు పేరు చెడి, మనసుకి వాడే మందులన్నిటికీ ఆ మచ్చ అంటుకుంది. డిప్రెషన్‌కి వాడే మందుల్లో సెర్ట్రలిన్ వంటివి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకీ ఇస్తారు. కొన్ని మందులు గుండె లయ మీద ప్రభావం చూపుతాయి. డయాలసిస్ రోగుల్లో పొటాషియం ఎక్కువ తక్కువ అవుతూ ఉంటుంది కనుక వాటితో జాగ్రత్తగా ఉంటారు. కొన్ని మీ కాళ్ళ చీమల్ని ఇంకా పెంచొచ్చు, అందుకే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. మందు పని మొదలవడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో వికారంగా ఉండొచ్చు. "నాలుగు రోజులు వేశాను, ఏమీ లేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ. నిద్ర కోసమని షాపులో అల్ప్రజోలం కొనుక్కునే అలవాటు మాత్రం పెట్టుకోకండి. అది కొన్ని వారాల్లోనే మిమ్మల్ని వదలనంటుంది.

మందు వద్దనిపిస్తే? మాటలతో చేసే చికిత్స ఉంది. అమెరికాలో డయాలసిస్ చేయించుకుంటూ డిప్రెషన్‌తో ఉన్న 120 మందితో చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. సగంమందికి సెర్ట్రలిన్ ఇచ్చారు. మిగతా సగానికి డయాలసిస్ జరుగుతుండగానే, ఆ కుర్చీలోనే, థెరపిస్టు వచ్చి మాట్లాడారు. పన్నెండు వారాలకి రెండు గుంపుల్లోనూ బాధ తగ్గింది. మందు వేసుకున్నవాళ్ళలో కొంచెం ఎక్కువ తగ్గింది, దుష్ప్రభావాలూ వాళ్ళలోనే కొంచెం ఎక్కువ. మన యూనిట్లలో కుర్చీ దగ్గరికి వచ్చే థెరపిస్టు దొరకడం కష్టం. మీరున్న స్థితిలో, చావు ఆలోచన ఉన్నప్పుడు, మందు గురించి సైకియాట్రిస్టుతో మాట్లాడకుండా మాటల చికిత్సతోనే సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నిర్ణయం మీదే.

ఆ చికిత్సలో చేయించే పని ఒకటి మాత్రం మీరు రేపే మొదలుపెట్టొచ్చు. ఫ్యాక్టరీ పుస్తకాలు. మొత్తం వద్దు, ఒకటి తెప్పించుకోండి. బుధవారం పొద్దున్న టిఫిన్ అయ్యాక అరగంట, శుక్రవారం అరగంట. మనసు బాగుపడ్డాక చేద్దామనుకుంటే ఆ రోజు రాదు. ఈ జబ్బులో పని ముందు, ఇష్టం తర్వాత. తప్పులు పోతే పోనివ్వండి, వాళ్ళు దిద్దుకుంటారు.

లిస్టు భయం గురించి. కిడ్నీ మార్పిడికి ముందు మనసు సంగతి కూడా చూస్తారు, అది నిజం. వాళ్ళు చూసేది ముఖ్యంగా, మార్పిడి తర్వాత జీవితాంతం వేళకి మందులు వేసుకుంటారా, పరీక్షలకి వస్తారా, ఇంట్లో అండ ఉందా అని. డిప్రెషన్ వచ్చి, వైద్యం తీసుకుని, కుదుటపడిన మనిషిని ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టరు. చూపించుకోకుండా దాచి, డయాలసిస్ ఎగ్గొట్టిన రోజులు మాత్రం యూనిట్ రిజిస్టర్లో తేదీలతో సహా ఉంటాయి. మీకు అడ్డం వచ్చేదేదైనా ఉంటే అవే. ఇంకొకటి, మార్పిడి తర్వాత ఇచ్చే స్టెరాయిడ్లు కొందరిలో నిద్రనీ మనసునీ కుదిపేస్తాయి. అప్పటికి మిమ్మల్ని ఎరిగిన సైకియాట్రిస్టు ఒకరు ఉండడం మీకే మంచిది. చనిపోయినవాళ్ళ అవయవాలను అవసరమైనవాళ్ళకి అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవడం గురించి మీ నెఫ్రాలజిస్టుని అడగండి. పేరు ఇచ్చినంత మాత్రాన రేపే ఆపరేషన్ కాదు, పిలుపు రావడానికి ఏళ్ళు పట్టొచ్చు, వచ్చినప్పుడు వద్దనే హక్కు మీకుంటుంది.

ఇప్పుడు మీ ఆవిడ. గ్లాసు సంగతి ముందు. నీళ్ళు కొలవడం ఆమె పని ఎలా అయింది? డాక్టరు ఆమెకి చెప్పారు కాబట్టి ఆమె పోలీసయింది, మీరు దొంగయ్యారు. ఆ ఉద్యోగం నుంచి ఆమెని తప్పించండి. పొద్దున్నే రోజుకి సరిపడా నీళ్ళు ఒక సీసాలో మీరే పోసుకోండి, మందులకీ టీకీ కూడా అందులోంచే. ఎంత అన్నది మీకు మూత్రం ఎంత వస్తోందో చూసి డాక్టరు చెబుతారు. దాహాన్ని పెంచేది ఉప్పు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడం తింటూ నీళ్ళు తగ్గించమంటే ఎవరివల్లా కాదు. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది, దాహం తగ్గితే సగం గొడవ పోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు తెస్తున్నారని రాశారు. చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని బోండం ముట్టుకోలేని బాధ నాకు అర్థమవుతుంది. పొటాషియం కారణంగా రెండూ మీకు వద్దు. వాళ్ళని కోప్పడకండి, మీ ఆవిడని అవి పక్కింటి పిల్లలకి పంపించేయమనండి.

ఉత్తరంలో మీరు సగం వాక్యంలో వదిలేసిన మాట ఒకటుంది, "భార్యాభర్తల్లా కూడా లేము" అని. డయాలసిస్ మీద ఉన్న మగవాళ్ళలో అది చాలా మామూలు. రక్తహీనత, హార్మోన్లు, బీపీ మందులు, దిగులు, అన్నీ కలిసి చేసే పని. మీ మగతనానికీ ప్రేమకీ సంబంధించినది కాదు. నెఫ్రాలజిస్టుని అడగొచ్చు, వైద్యం ఉంది. షాపులో మాత్ర కొని వేసుకోవద్దు, గుండెకి నైట్రేట్ మందులు వాడుతుంటే అది ప్రాణం మీదకి తెస్తుంది.

కిడ్నీ ఇస్తానన్న ఆమె మాటకి మీరు వద్దన్నారు, కారణం చెప్పలేదు. నాకు రాశారు: "అదీ ఇక్కడి నీళ్ళే తాగింది. దానికి రేపేమైనా అయితే పిల్లని ఎవరు చూస్తారు?" ఇది డిప్రెషన్ మాట కాదు, సరైన ప్రశ్న. ఆమెతోనే అనండి. చాలా సమాధానాలు పరీక్షలే చెబుతాయి. 1994 అవయవ మార్పిడి చట్టంలో భార్యాభర్తలు దగ్గరి బంధువులే, కాబట్టి ఆమె ఇవ్వడానికి చట్టం అడ్డు కాదు. దాతకి రెండు కిడ్నీలూ బాగున్నాయని తేలితే తప్ప ముందుకు వెళ్ళరు, ఉద్దానం నుంచి వచ్చారంటే మరింత గట్టిగా చూడాలని మీరూ అడగండి. ఆమె ఇష్టంతోనే ఇస్తోందా అని ఆమెని విడిగా అడుగుతారు. గ్రూపు కలవకపోతే ఇంకో జంటతో మార్చుకునే పద్ధతిని కూడా చట్టం అనుమతిస్తుంది.

పరీక్షలకి ఒప్పుకుంటే, ఆమె సరిపోదని తేలొచ్చు, అప్పుడు ఆ చర్చ ముగుస్తుంది, ఆమె కిడ్నీల సంగతి తెలిసిన మేలు మిగులుతుంది. సరిపోతుందని తేలితే మీ మీద ఒత్తిడి పెరుగుతుంది, అదీ ఆలోచించుకోండి. ఇప్పటికి వద్దంటే, డయాలసిస్ సాగుతుంది, జీవన్‌దాన్ దారి ఉంటుంది, కానీ కారణం చెప్పకుండా వద్దన్నారంటే తన అవయవాన్నీ తననీ కలిపి కాదన్నారనే ఆమె అనుకుంటుంది. నేనైతే ఆమెతో ఇంతే అంటాను: "నాకు మనసు బాగోలేదు. దానికి చూపించుకుంటున్నాను. రెండు మూడు నెలలు పోయాక ఈ మాట మళ్ళీ మాట్లాడుకుందాం, అప్పుడు నువ్వు చెప్పేది వింటాను." మనసు ఇలా ఉన్నప్పుడు ఇంత పెద్ద విషయంలో అవును అనొద్దు, కాదు అని తలుపూ మూయొద్దు.

ఆఖరి ప్రశ్న, అమ్మాయి. చేయించండి. క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ, చిన్న పరీక్షలే. మీరు ఇన్నాళ్ళు ఆగింది ఫలితం చూడలేక అనుకుంటాను. ఫలితం బాగుంటే ఏటా ఒకసారి చూపించుకుంటే సరిపోతుందా అన్నది డాక్టరు చెబుతారు. ఏదైనా తేడా కనిపిస్తే, మీకు దొరకని ఏళ్ళు ఆ పిల్లకి దొరుకుతాయి: బీపీ అదుపులో పెట్టడానికి, నొప్పి మాత్రలు దగ్గరికి రానివ్వకుండా ఉండడానికి, వేళకి డాక్టరుకి చూపించడానికి. పరీక్షకి తీసుకెళ్ళేముందు ఎందుకో చెప్పండి. తొమ్మిదో తరగతి పిల్లకి ఇంట్లో ఏం జరుగుతోందో చాలావరకు తెలిసే ఉంటుంది. మీ ఆవిడ కూడా ఆ రోజే తన రక్తం ఇస్తే ఆ పిల్లకి ఒంటరిగా అనిపించదు. శుక్రవారం పెట్టుకోండి, మీరూ వెళ్ళగలుగుతారు.